స్లాబు రోజున ఏం చూడాలి, ఎక్కడ నిలబడాలి

ఇల్లు కట్టించుకునేవాళ్లు టైల్స్ రంగు కోసం వారం రోజులు షాపులన్నీ తిరుగుతారు. స్లాబు రోజున మాత్రం కొబ్బరికాయ కొట్టి, కూలీలకు టిఫిన్లు తెప్పించి, నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. టైల్ నచ్చకపోతే పగలగొట్టి ఇంకోటి వేసుకోవచ్చు. స్లాబులో జరిగిన తప్పును పదిహేనేళ్ల తర్వాత పెచ్చులు ఊడిపడుతుంటే చూడటమే తప్ప పెద్దగా చేయగలిగిందేమీ ఉండదు.

స్లాబు మందం ఎంత, రాడ్డు ఏ సైజు, ఎంత దూరానికి ఒకటి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. మేస్త్రీ అనుభవం దానికి బదులు కాదు. డ్రాయింగు చేతిలో ఉందనుకుని, దాన్ని సైటులో సరిగ్గా దింపుకోవడం ఎలాగో ఇక్కడ చూద్దాం. లెక్కలకు ఉదాహరణగా సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో 1,000 చదరపు అడుగుల ఇంటికి, 5 అంగుళాల మందంతో, ఎం20 కాంక్రీటుతో (28 రోజులకు చదరపు మి.మీ.కు 20 న్యూటన్ల బలం చూపాల్సిన రకం), మిల్లరు అంటే కాంక్రీటు కలిపే యంత్రం పెట్టి వేసే స్లాబును తీసుకుందాం. బీములు దీనికి అదనం.

స్లాబు ఆయుష్షు ముఖ్యంగా రెండు చోట్ల తేలిపోతుంది: మిల్లరులో పోసే నీళ్ల బకెట్టు దగ్గర, రాడ్డు కింద పెట్టే కవర్ బ్లాకు దగ్గర. మిగతావీ అవసరమే కానీ మీ కళ్లు ఎక్కువసేపు ఉండాల్సింది ఈ రెండింటి మీదే.

సామాను దింపించుకునేటప్పుడు

5 అంగుళాలు అంటే దాదాపు 125 మి.మీ. 1,000 చదరపు అడుగులు దాదాపు 93 చదరపు మీటర్లు. కాంక్రీటు సుమారు 11.6 ఘనపు మీటర్లు అవుతుంది. 1:1½:3 పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 93 బస్తాల సిమెంటు, 173 ఘనపుటడుగుల ఇసుక, 345 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర కావాలి. ఇసుక తడిగా వస్తే పొంగి ఉంటుంది కాబట్టి 25 శాతం ఎక్కువ తెప్పించండి. ట్రాక్టరు లెక్కన కొనకండి. ట్రాలీ కొలత, అందులో సామాను ఎత్తు టేపుతో కొలిచి ఘనపుటడుగుల్లో లెక్క కట్టించుకోండి.

సిమెంటు విషయంలో 53 గ్రేడు ఓపీసీయే (సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు) గట్టిదన్న నమ్మకం ఇంకా పోలేదు. మామూలు ఇంటి స్లాబుకు పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు చక్కగా సరిపోతుంది, చాలా సందర్భాల్లో అదే మేలు. పీపీసీలో థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి చోట్ల గుట్టలుగా పడే బూడిదకు అదొక మంచి దారి. పీఎస్‌సీ అనే ఇంకో రకం సిమెంటులో ఉక్కు కర్మాగారాల స్లాగు (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం) ఉంటుంది. సిమెంటుకు మూలమైన క్లింకరు (కొలిమిలో కాల్చిన గడ్డలు) ఒక టన్ను తయారయ్యేటప్పుడు 800 నుంచి 900 కిలోల దాకా కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. క్లింకరు ఎంత తగ్గితే అంత మంచిదన్న లెక్క ఇక్కడిదే. మీ ఇంటికి దక్కే లాభం వేరే ఉంది: ఈ సిమెంట్లతో వేసిన కాంక్రీటుకు సరిగ్గా నీళ్లు కడితే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, చెమ్మ లోపలికి దిగడం తగ్గుతుంది. వేడి తక్కువ పుట్టడం వల్ల పగుళ్లూ తగ్గుతాయి. దీనికి బదులుగా ఓపిక కావాలి. మొదటి వారంలో బలం మెల్లగా వస్తుంది కాబట్టి నీళ్లు ఎక్కువ రోజులు కట్టాలి, సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా మోసే రేకులూ బాదులూ) ఎక్కువ రోజులు ఉంచాలి. ఆ ఓపిక లేని కంట్రాక్టరుకు పీపీసీ ఇస్తే దాని గుణం అక్కరకు రాదు.

బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినది దింపించుకోకండి. బస్తాలో చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా తగలాలి. వేళ్లతో నలిపినా చితకని ఉండలుంటే ఆ బస్తా తిప్పి పంపండి.

ఏటి ఇసుక దొరక్కపోతే దిగులు పడక్కర్లేదు. రోబో ఇసుక అని పిలిచే ఎం శాండ్ కాంక్రీటుకు బాగా పనికొస్తుంది, వాగుల్ని తవ్వే బాధ కూడా తప్పుతుంది. కాకపోతే అసలైన ఎం శాండ్‌కీ క్రషర్ డస్టుకీ చాలా తేడా ఉంది. డస్టు అంటే కంకర కొట్టగా మిగిలిన పొడి. అందులో పలచటి పెచ్చులు, మెత్తని దుమ్ము ఎక్కువ. అది కలిస్తే మాలు (కలిపిన కాంక్రీటు) నీళ్లు తాగేస్తుంది. ఎం శాండ్‌లో రాతి పొడి 15 శాతం దాకా ఉన్నా ఫరవాలేదు కానీ మట్టి ఉండకూడదు. ప్లాస్టరింగ్ కోసం అమ్మే సన్న రకాన్ని స్లాబులో వాడొద్దు.

ఏటి ఇసుకలో మట్టి ఎంతుందో గాజు సీసాతో చూడొచ్చు. నిట్టనిలువు గోడలున్న సీసాలో సగం దాకా ఇసుక వేసి, పైన చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి, మూత పెట్టి బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన తేరుకున్న మెత్తని ఒండ్రు పొరను స్కేలుతో కొలవండి. ఇసుక 100 మి.మీ. ఎత్తుంటే ఒండ్రు 8 మి.మీ. మించకూడదు. మించితే కడిగించండి, లేదా లోడు వెనక్కి పంపండి.

రాడ్డుకు తూకమే పరీక్ష. మీటరు రాడ్డు బరువు కిలోల్లో కావాలంటే మి.మీ. సైజును దానితోనే గుణించి 162తో భాగించండి. 8 ఎంఎం మీటరుకు 0.395 కిలోలు, 10 ఎంఎం 0.617, 12 ఎంఎం 0.888. అంటే 12 మీటర్ల 8 ఎంఎం రాడ్డు 4.7 కిలోల దగ్గర, 10 ఎంఎం 7.4 కిలోల దగ్గర తూగాలి. బాగా తక్కువ తూగితే సన్నబడిన రాడ్డని అర్థం. పైపైన ఎర్రటి తుప్పు ఉంటే గోనెతో రుద్దితే చాలు. పెచ్చులుగా ఊడుతుంటే మాత్రం వద్దు.

నీళ్ల సంగతి: తాగడానికి పనికొచ్చే నీళ్లైతే కాంక్రీటుకూ పనికొస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ల్యాబులో చూపించండి. ఆర్‌సీసీకి, అంటే రాడ్డు వేసిన కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది.

ముందు రోజు సాయంత్రం సెంట్రింగ్ మీద

స్లాబు రోజు పొద్దున పరీక్షకు సమయం దొరకదు, దొరికినా మిల్లరు తిరుగుతుంటే మీ మాట ఎవరూ వినరు. అందుకే సెంట్రింగ్, రాడ్లు ముందు రోజు సాయంత్రం వెలుతురు ఉండగానే చూసేయండి.

కింద నుంచి మొదలుపెట్టండి. మన ఉదాహరణలోని స్లాబు ఒక్కటే 29 టన్నుల బరువు. తడిగా ఉన్నంతసేపు ఆ బరువంతా జాకీలూ సరుగుడు బాదులే మోయాలి. ప్రతి బాదు కింద పలక ఉందా, పోసిన మట్టి మీద నిలబెట్టారా, ఎత్తు చాలక ఇటుకలు పేర్చి దాని మీద పెట్టారా చూడండి. ఇటుకల దొంతి మీద బాదు పెట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది, అక్కడే సెంట్రింగ్ దిగబడుతుంది. బాదులు మూడడుగులకు ఒకటి చొప్పున, నిట్టనిలువుగా, అడ్డంగా కట్లు కట్టి ఉండాలి. చెయ్యి వేసి ఊపితే ఊగకూడదు. వాన పడి నేల నానితే ఆ ఉదయం మళ్లీ అన్నిటినీ బిగించాలి.

రేకుల మధ్య సందుల్ని టేపుతోనో పాలిథీన్ పట్టీతోనో మూయించండి. సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతే పైన కంకర మాత్రమే మిగులుతుంది. సెంట్రింగ్ తీశాక కనిపించే గుల్లల్లో చాలా ఇలా వచ్చినవే. రేకులకు నూనె రాసేది రాడ్లు కట్టక ముందే. రాడ్లకు నూనె అంటితే కాంక్రీటు పట్టు తప్పుతుంది.

ఇక కవర్. రాడ్డుకూ స్లాబు అడుగుకూ మధ్య ఉండే కాంక్రీటు పొరను కవర్ అంటారు. ఇంటి లోపలి స్లాబుకు 20 మి.మీ. ఉంచండి. కాంక్రీటులో ఉండే క్షారగుణం రాడ్డుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు బయటి నుంచి లోపలికి చొచ్చుకుపోతూ ఆ గుణాన్ని పోగొడుతుంది. అది చొచ్చుకుపోయే లోతు కాలంతో పాటు సమంగా పెరగదు, కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అందుకని కవర్ 20 నుంచి 10కి తగ్గితే రాడ్డు దాకా చేరే కాలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. నలభై ఏళ్లు పట్టాల్సింది పదేళ్లలో వచ్చేస్తుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రాడ్డు ఉబ్బి కింద కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. పాత ఇళ్ల సీలింగులో రాడ్డు గీతల వెంటే పెచ్చులు ఊడటం వెనక ఉన్న సంగతి ఇదే.

కవర్ బ్లాకులు కాంక్రీటువో పీవీసీవో ఒకే సైజులో ఉండాలి. రాళ్ల ముక్కలు, గ్రానైటు పెచ్చులు, ఇటుక ముక్కలు పెట్టనివ్వకండి. అవి రాడ్డు తొక్కగానే జారిపోతాయి, ఇటుకైతే చెమ్మను నేరుగా రాడ్డుకు చేరవేస్తుంది. ప్రతి మీటరుకు ఒకటి తప్పకుండా, బైండింగ్ వైరుతో కట్టి ఉండాలి. బీముల పక్కలకు కూడా. కూర్చుని, తల వంచి, రాడ్ల కింద సందులోంచి అడ్డంగా చూస్తే ఎక్కడ రాడ్డు రేకుకు ఆనిందో ఇట్టే తెలుస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరంలో ఈ లెక్కలన్నీ మారతాయి. ఉప్పు గాలికి తెరుచుకుని ఉన్న కాంక్రీటుకు కనీసం ఎం30, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు మించకుండా, కవర్ 45 మి.మీ. అని ఐఎస్ 456 అంటుంది. 1:1½:3 పాళ్లు అక్కడ చాలవు. ఇంజనీరు ఇచ్చిన డిజైన్ మిక్స్‌తోనే వెళ్లాలి.

అన్నిటికన్నా ప్రమాదం పైరాడ్డు కిందికి దిగిపోవడం. గది నడిమి భాగంలో స్లాబు రాడ్డు అడుగున ఉండాలి. బీములూ గోడల మీద, బాల్కనీలోనూ సజ్జలోనూ అది పైన ఉండాలి. బాల్కనీ ముందుకు వేలాడుతుంటుంది కాబట్టి దాని పైభాగం సాగుతుంది, ఆ సాగుడును పట్టి ఉంచేది పైరాడ్డే. 125 మి.మీ. స్లాబులో 20 మి.మీ. కవర్‌తో పైన కట్టిన 10 ఎంఎం రాడ్డు, అడుగు నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉంటుంది. తట్టలు మోసేవాళ్లు తొక్కి దాన్ని 40 మి.మీ. కిందికి దించితే బాల్కనీ బలం దాదాపు 40 శాతం పోయినట్టే. పూర్తిగా అడుక్కు దిగిపోతే రాడ్డు లేనట్టే లెక్క. సెంట్రింగ్ తీయగానే బాల్కనీ కూలిన సంఘటనల్లో కారణం చాలావరకు ఇదే. అందుకని పైరాడ్ల కింద మీటరుకు ఒకటి చొప్పున రాడ్డుతో వంచిన కుర్చీలు పెట్టించండి. బాల్కనీలో రెండడుగులకు ఒకటి పెట్టినా ఎక్కువ కాదు. ఆ రాడ్డు లోపలి స్లాబులోకి ఎంత దూరం వెళ్లాలో డ్రాయింగులో ఉంటుంది, టేపు పెట్టి కొలవండి.

రాడ్డు మీద రాడ్డు అతికే చోట, అంటే ల్యాపు, ఎం20 కాంక్రీటులో ఎఫ్ఈ 500 బలపు గ్రేడు రాడ్డుకు సైజుకు 57 రెట్లు ఉండాలి. 8 ఎంఎంకు 46 సెం.మీ., 10 ఎంఎంకు 57 సెం.మీ. పక్కపక్క రాడ్లకు ల్యాపులన్నీ ఒకే వరసలో రాకూడదు.

కరెంటు పైపులు కింది రాడ్ల జాలీకీ పై రాడ్ల జాలీకీ మధ్యన పోవాలి, రేకు మీద పడుకోబెట్టకూడదు. నాలుగైదు పైపులు ఒకేచోట గుత్తిగా దాటితే అక్కడ కాంక్రీటు పట్టే సందే ఉండదు, వాటిని విడదీయించండి. ఫ్యాన్ బాక్సులు, బాత్రూం దగ్గర దించే స్లాబు, డ్రైనేజీ పైపుల రంధ్రాలు ఇప్పుడే ఉంచాలి. తర్వాత సుత్తి, ఉలి పెట్టి తొలిచేవాడు రాడ్డు కూడా కోసేస్తాడు.

మిల్లరు దగ్గర

మిల్లరు దగ్గర మీరో, మీ మనిషో పొద్దుటి నుంచి ఆఖరి విడత దాకా నిలబడాలి. ఆ మనిషి చేతిలో ఒక కొలత డబ్బా, ఒక బకెట్టు, ఒక పుస్తకం ఉంటే చాలు.

డబ్బా ఇలా చేయించండి: లోపలి కొలత 40 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు. అంటే సరిగ్గా 35 లీటర్లు, ఒక సిమెంటు బస్తా పరిమాణం. బస్తాకు ఇసుక ఒకటిన్నర డబ్బా, కంకర మూడు డబ్బాలు, అంచు మట్టానికి బద్దతో గీకి. తట్టల లెక్క ఒప్పుకోకండి. పొద్దున నిండుగా వచ్చే తట్ట మధ్యాహ్నానికి ముప్పావు అవుతుంది, ఇసుక తట్టలు మాత్రం గుట్టగానే వస్తుంటాయి.

ఇసుక తడిగా ఉంటే పొంగు లెక్క తీయాలి. ఒక గ్లాసులో ఇసుకను నొక్కకుండా 20 సెం.మీ. ఎత్తుకు నింపి, నీళ్లు పోసి పుల్లతో కలిపి తేరనివ్వండి. ఇసుక 16 సెం.మీ.కు దిగితే పొంగు 25 శాతం. అప్పుడు ఒకటిన్నర డబ్బాకు బదులు ఒకటిన్నరకు పావు వంతు కలిపి, అంటే దాదాపు రెండు డబ్బాలకు కాస్త తక్కువ పోయాలి. ఈ లెక్క వేయకపోతే ఇసుక తగ్గి మాలు గరుకుగా వస్తుంది. గరుకుగా ఉంది కదా అని మేస్త్రీ నీళ్లు పోస్తాడు. తప్పు ఇసుకలో మొదలై నీళ్లలోకి పాకుతుంది.

నీళ్లు బస్తాకు 25 నుంచి 27 లీటర్లు. ఈ పాళ్లకు ఐఎస్ 456లోని పట్టిక పై హద్దు 30 లీటర్లు, మన్నిక లెక్కన చూస్తే సిమెంటు బరువులో 0.55 వంతు, అంటే 27.5 లీటర్లు దాటకూడదు. ఈ 25 లీటర్లలోంచి ఇసుకలో ముందే ఉన్న తడిని తీసేయాలి. 5 శాతం తడి ఉంటే బస్తాకు పడే 80 కిలోల ఇసుకలో 4 లీటర్ల నీళ్లు ఉన్నట్టు. అప్పుడు పోయాల్సింది 21 లీటర్లే. బకెట్టుకు లోపల రంగుతో గీత గీసి పెట్టండి. ట్యూబు పెట్టి నేరుగా మిల్లరులోకి నీళ్లు వదలడం ఎంత మాత్రం ఒప్పుకోకండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో నాలుగో వంతు నీళ్లు కూడా పూర్తిగా అక్కర్లేదు. మిగతాది కలపడానికీ పోయడానికీ వీలుగా ఉండటం కోసం. ఆ మిగులు నీళ్లు ఆరిపోయాక ఉన్న చోట ఖాళీ రంధ్రాలు మిగులుతాయి. కాంక్రీటు బలహీనపడేది, కురిసేది, గాలి లోపలికి వెళ్లేది ఆ దారుల్లోంచే. కవర్ ఎంత బాగా పెట్టినా నీళ్లెక్కువైన కాంక్రీటులో అది జల్లెడే.

కూలీలకు పలచటి మాలే ఇష్టం, పారతో లాగితే జారిపోతుంది. వాళ్ల బాధ నిజమే. దానికి మందు నీళ్లు కాదు, సూపర్ ప్లాస్టిసైజరు. డబ్బా మీద రాసిన మోతాదు కొలిచి నీళ్లలో కలిపి పోస్తే తక్కువ నీళ్లతోనే మాలు బాగా జారుతుంది. చిన్న స్లాబుకు అయ్యే ఖర్చు ఒక పెచ్చు మరమ్మతు ఖర్చు కూడా కాదు.

మాలు ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ కోను అద్దెకు దొరుకుతుంది. 300 మి.మీ. ఎత్తు కోనులో మూడు పొరలుగా, పొరకు 25 పోట్లు పొడిచి నింపి, పైకి లాగి మాలు ఎంత కుంగిందో కొలవండి. 50 నుంచి 100 మి.మీ. మధ్య ఉంటే సరే. ప్లాస్టిసైజరు లేకుండా 150 దిగితే ఎవరో ట్యూబు తిప్పారని అర్థం.

మిల్లరులో ముందు కొన్ని నీళ్లు, తర్వాత కంకర, ఇసుక, సిమెంటు, మిగిలిన నీళ్లు. అన్నీ పడ్డాక కనీసం రెండు నిమిషాలు తిరగాలి. విడతకు ఒక బస్తా చొప్పున, 4–5 నిమిషాలు పడుతుందనుకుంటే 93 విడతలకు ఒక మిల్లరు మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు. అందుకే పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి, వేసవిలో ఇంకా ముందే. పుస్తకంలో విడతకో గీత గీయండి. సాయంత్రం గీతలూ ఖాళీ బస్తాలూ సరిపోలాలి.

ఘనపు మీటర్లు 6 నుంచి 15 మధ్య ఉంటే రెండు శాంపిళ్లు, శాంపిలుకు మూడు చొప్పున ఆరు క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) తీయాలి. 150 మి.మీ. క్యూబు 28 రోజులకు చదరపు మి.మీ.కు 20 న్యూటన్ల బలం చూపాలంటే 450 కిలోన్యూటన్ల బరువు మోయాలి, సుమారు 46 టన్నులు. క్యూబుల మాలు ఎంచిన మంచి విడత నుంచి కాదు, స్లాబు మీదికి వెళ్తున్న తట్టలోంచి తీయించండి.

పోసేటప్పుడు

మాలు పైకి చేర్చే లిఫ్టుకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. నడవడానికి రాడ్ల మీద పలకలు వేయించండి. రాడ్ బెండరును ఇంటికి పంపకండి. రోజంతా స్లాబు మీదే ఉండి, దిగిన కుర్చీల్ని నిలబెట్టి, జారిన కవర్ బ్లాకును సర్దడమే ఆయన పని. బాల్కనీ పోసేటప్పుడు మాత్రం మీరే పైకి ఎక్కండి. మాలు పడ్డాక ఒక సన్నటి కడ్డీని పైరాడ్డు దాకా గుచ్చి చూస్తే ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది.

వైబ్రేటర్లు రెండు ఉండాలి, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి. బీముల్లో నీడిలును (వైబ్రేటరు చివర అదిరే గొట్టాన్ని) నిట్టనిలువుగా దించి, బుడగలు ఆగి పైన పాలు మెరిసేదాకా 5 నుంచి 15 సెకన్లు ఉంచి మెల్లగా తీయాలి. స్లాబు పలచన కాబట్టి వాలుగా పెట్టాలి. నీడిలుతో మాలును పక్కకు లాగడం అలవాటైన పద్ధతే కానీ తప్పు, కంకర ఒకచోటా పాలు ఒకచోటా చేరతాయి. బీము, స్తంభం కలిసే చోట రాడ్లు గుమిగూడి ఉంటాయి. అక్కడ సన్న నీడిలు కావాలి, అక్కడే తొందర పనికిరాదు.

పని మధ్యలో ఆగాల్సి వస్తే గది మధ్య మూడో భాగంలో, అడ్డంగా పలక పెట్టి నిలువుగా ఆపండి. గోడల పక్కన, బీముల పక్కన వద్దు. మాలును వాలుగా వదిలేయకండి. మళ్లీ మొదలుపెట్టేముందు ఆ ముఖాన్ని గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పూసి పోయాలి. వాన భయం ఉన్న రోజుల్లో టార్పాలిన్లు పైన సిద్ధంగా ఉంచుకోండి.

మట్టం చేశాక పైన తేలిన నీళ్ల మీద పొడి సిమెంటు చల్లి రుద్దడం మానిపించండి. పైపొర పొలుసులా లేస్తుంది. ఎండాకాలంలో గంటా రెండు గంటల్లోనే సన్న పగుళ్లు పడితే అది నీళ్లు తేలే వేగం కన్నా ఆరిపోయే వేగం ఎక్కువైనందున. మెరుపు పోగానే మళ్లీ ఒకసారి తాపీతో రుద్ది, పాలిథీన్ షీటు కప్పండి. ఆ పగుళ్ల మీద సిమెంటు పాలు పోసేస్తే కనపడకుండా పోతాయి గానీ మూసుకోవు.

నీళ్లు కట్టడం, సెంట్రింగ్ విప్పడం

వేలితో నొక్కితే గుర్తు పడని స్థితి రాగానే తడి గోనెలు కప్పండి. మర్నాడు పొద్దున మడులు కట్టి నీళ్లు నింపొచ్చు. ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ, పీఎస్‌సీలకు 10. మన ఎండల్లో వీటిని 10, 14గా లెక్క పెట్టుకోండి. మధ్యలో ఒక రోజు ఎండబెట్టి మళ్లీ తడిపితే పోయింది పూర్తిగా తిరిగి రాదు, కాబట్టి ఆదివారం సెలవు నీళ్లకు వర్తించదు.

మన స్లాబు మీద రెండంగుళాలు నింపడానికే 4,700 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకరు కావాలి, ఆపైన ఎండకు ఆరేది వేరు. నీటి ఎద్దడి ఉన్న చోట మడులు వద్దు. గోనెలు పూర్తిగా తడిపి, వాటి మీద పాలిథీన్ పరిచి, అంచుల్లో ఇటుకలు పెడితే తడి నిలుస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు ఎత్తి చూసి, ఆరిన చోట తడిపితే చాలు. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు లాంటివి వద్దు గానీ ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు మరీ ఉప్పగా లేకపోతే వాడొచ్చు. బీము పక్కలూ స్తంభాలూ మడిలోకి రావు, రేకులు తీయగానే వాటికి గోనె చుట్టాలి. ఎక్కువగా మరిచిపోయేది వీటినే.

ఓపీసీ లెక్కన ఐఎస్ 456 చెప్పే కనీస గడువులివి: 4.5 మీటర్ల లోపు గదికి స్లాబు బాదులు 7 రోజులు, దాటితే 14. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21. పీపీసీకి వీటిని పెంచాలి, ఎంతన్నది ఇంజనీరును అడగండి. సెంట్రింగ్ సామానుకు రోజు అద్దె ఉంటుంది కాబట్టి కంట్రాక్టరు ముందే విప్పాలని చూస్తాడు. గడువును ఒప్పందంలోనే రాయించుకోండి. విప్పేటప్పుడు గదిలో మధ్య నుంచి గోడల వైపు రావాలి. బాల్కనీకి మాత్రం చివర నుంచి గోడ వైపు, అదీ అన్నిటికన్నా ఆఖర్న. బాల్కనీని వెనక నుంచి అదిమిపట్టే బరువు ఏదో, అది పైకి లేచాకే దాని బాదులు తీయాలి.

రేకులు తీసిన రోజే టార్చి పట్టుకుని అడుగంతా చూడండి, ఫోటోలు తీయండి. మేస్త్రీ అప్పటికే గుల్లల్ని సిమెంటుతో పూసేసి ఉంటే, తడి మచ్చల్లా కనిపిస్తాయి. సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. పైపైన ఉన్న గుల్లనైతే గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టించి, కడిగి, పాలిమరు కలిపిన మోర్టారుతో నింపి, ఏడు రోజులు తడపాలి. రాడ్డు బయటపడి ఉంటే, లేదా వేలు రాడ్డు వెనక్కి దూరేంత లోతుంటే ఇంజనీరు చూసేదాకా ఎవరినీ పూయనివ్వకండి. బీము, స్తంభం కలిసే చోటైతే ఆ రోజు పైన పని కూడా ఆపండి.

పై అంతస్తు ఇటుకలు కొత్త స్లాబు మీద దింపుతారు. ఇంటి స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువుకు డిజైను చేస్తారు. ఇటుకలు అడుగు ఎత్తు పేర్చినా 500 కిలోలు దాటుతుంది. గది నడిమధ్య గుట్ట పోయకుండా బీముల మీదుగా పలచగా పేర్పించండి, 28 రోజుల లోపైతే కింద బాదులు కొన్ని మళ్లీ నిలబెట్టించండి.